మారడోనా స్వీయచరిత్రము – చదువరి విచారణ

స్వీయచరిత్రము చరిత్రయగునా యను సంశయము క్రొత్తది కాదు. పండ్రెండవ శతాబ్దమున కాశ్మీర రాజుల చరిత్రమును రచించిన కల్హణుడు, గతమును చెప్పువాడు న్యాయాధిపతివలె రాగద్వేషములను విడువవలెనని గ్రంథారంభముననే పలికెను. పరుల కథ చెప్పువానికే యింత కష్టమైనచో, తన కథ తానే చెప్పుకొనువాని మాట యేమి? మన గ్రంథాలయమున స్వీయచరిత్రలను కోరి కొనిపోవు చదువరులు పెక్కుమంది గనుక, ఫుట్‌బాల్ క్రీడాకారుడు డియెగో మారడోనా గ్రంథమును నిదర్శనముగా గైకొని విచారింతును.

మారడోనా 1960లో అర్జెంటీనాలో జన్మించి, బ్యూనస్ ఐరిస్ నగర శివారున విల్లా ఫియోరితో యను పేదవాడలో పెరిగెను. 2020లో కీర్తిశేషుడయ్యెను. ఆయన స్వీయచరిత్రము స్పానిష్ భాషలో 2000లో వెలువడెను. ఆయన చెప్పగా ఇరువురు పత్రికా రచయితలు దానిని లిపిబద్ధము చేసిరి. దస్తావేజు వ్రాసినవాడొకడు, చేవ్రాలు చేసినవాడొకడు అయినపుడు ఏ మాట యెవరిదో తేల్చుట యెంత కష్టమో కాగితములతో కాలము గడుపు నావంటివారికి తెలియును. అయినను అందలి కోపమును, అతిశయమును నిస్సందేహముగా ఆయనవే.

1986 జూన్ 22న మెక్సికో నగరమందలి ఆజ్టెకా క్రీడాస్థలమున అర్జెంటీనా, ఇంగ్లండు తలపడినవి. 51వ నిమిషమున మారడోనా గాలిలోని కెగిరి, తనకంటె పొడగరియైన గోల్‌కీపరు షిల్టన్‌ను దాటించి, బంతిని ఎడమచేతితో లోనికి నెట్టెను. రిఫరీ గోలనెను. ఆట ముగిసిన పిదప మారడోనా, అందు తన తల కొంత, దేవుని చేయి కొంత కలదనెను. ధర్మరాజు కుంజర శబ్దమును సన్నగా పలికినట్లే గదా! నాలుగు నిమిషములకే ఇంగ్లండు ఆటగాండ్రను ఒకరి వెనుక నొకరిని తప్పించుకొని పోయి ఆయన కొట్టిన రెండవ గోలు, నేటికిని ఫుట్‌బాల్ చరిత్రలో సాటిలేనిదని పలువురి అభిప్రాయము.

పదునాలుగేండ్లకు స్వీయచరిత్రమున ఆ చేయి తనదేయని ఒప్పుకొనెను. తనకు నష్టమగు మాటను సాక్షి ఒప్పుకొన్నచో దానిని నమ్మవచ్చునని లోకన్యాయము. కాని యిచట నష్టమెక్కడ? ఇంగ్లీషువారి జేబు కొట్టినట్లు సంతోషించితినని ఆయనయే చెప్పుచున్నాడు. 1982లో ఫాక్‌లాండ్స్ దీవులకై జరిగిన యుద్ధమున 649 మంది అర్జెంటీనా సైనికులును, 255 మంది బ్రిటిషు సైనికులును మరణించిరి. ఆటకు ముందు యుద్ధప్రసక్తి లేదని పైకి చెప్పినను, మనస్సులో ప్రతీకారమే మెదలెనని గ్రంథమున వ్రాసికొనెను. స్వదేశపు చదువరి యెదుట ఆ దొంగతనము ఖర్చు పద్దు కాదు, జమ పద్దు.

నిజమైన ఖర్చు పద్దు వేరొకచోట గలదు. 1982లో బార్సిలోనాయందుండగా కొకైన్ మరిగితినని చెప్పిన పుటలవి. ఆ మాటవలన ఆయనకు పొగడ్త రాదు. కావుననే నేను వానిని ఎక్కువగా నమ్ముదును.

1994 ప్రపంచ కప్పునందు నైజీరియాతో ఆట పిమ్మట జరిపిన పరీక్షలో ఎఫిడ్రిన్ బయటపడి, ఆయనను పోటీలనుండి తొలగించిరి. దీనికి ఆయన చెప్పు కారణము, తన శిక్షకుడు కొనితెచ్చిన బలవర్ధక పదార్థము. తానెరుగడట! వ్యాకరణదృష్టితో చూడుడు: గోలు కొట్టినపుడు కర్త తాను, శిక్ష పడినపుడు కర్తలు పరులు.

ఇక తక్కిన సాక్షులను గూడ పిలువవలెను. ఆనాటి రిఫరీ, ట్యునీషియా దేశీయుడైన అలీ బిన్ నాసర్, లైన్స్‌మన్ సైగకై చూచితిననెను. లైన్స్‌మన్, బల్గేరియా దేశీయుడైన బోగ్దాన్ దోచెవ్, రిఫరీ గోలు నిచ్చిన పిదప తాను కలుగజేసికొనుటకు ఆనాటి నిబంధనలు ఒప్పలేదనెను. 2015లో మారడోనా ట్యునీషియాకు పోయి రిఫరీని కౌగిలించుకొని, తన చొక్కా నొకదానిని కానుకగా నిచ్చెను. దోచెవ్ మాత్రము మారడోనా తన బ్రతుకును పాడుచేసెనని వాపోయి, 2017లో మరణించెను.