బాగ్-ఎ-ఆమ్‌లో 'ఆమ్' ఎవరు?

మన హైదరాబాద్ బస్తీల పేర్లు ఒకసారి వరసగా చదివి చూడండి. బషీర్‌బాగ్, జాంబాగ్, కిషన్‌బాగ్, సీతారాంబాగ్, మూసారాంబాగ్, బాగ్‌లింగంపల్లి, బాగ్ అంబర్‌పేట. సిటీ బస్సు కండక్టర్ల నోట వింటూ పెరిగినవాళ్లం కాబట్టి ఈ పేర్లలో 'బాగ్' ఉందనే ఖయాల్ కూడా మనకు రాదు. 1591లో ముహమ్మద్ కులీ ఖుతుబ్ షా చార్మినార్ చుట్టూ వేయించిన షహర్ తోటల షహర్. దాని తర్వాత వచ్చిన ఆసఫ్‌జాహీల కాలంలో కూడా అమీర్లు, ఉమరాలు దేవ్‌డీలు కట్టుకుంటే పక్కన తోట తప్పనిసరి. బషీర్‌బాగ్ ఒక పాయెగా నవాబుది. మూసారాంబాగ్ అంటే ఫ్రెంచి ఫౌజీ అఫ్సర్ మొస్యూ రేమాండ్ పేరు మన జనం నోట్లో నలిగి, మూసారాంగా మారి మిగిలింది. అందులో మూసా అని ముసల్మాన్లు, రామ్ అని హిందువులు ఎవరికి వాళ్లు తమ పేరు విన్నారు. ఆయన సమాధి ఆ దగ్గర్లోనే ఉంది.

అయితే ఈ బాగులన్నిటికీ గోడలుండేవి, గోడకు దర్వాజా ఉండేది, దర్వాజా దగ్గర దర్బాన్ ఉండేవాడు. చెట్టు నవాబుది, నీడ కూడా నవాబుదే. బయట నడిచేవాడికి దక్కేది గోడ దాటి వచ్చిన మల్లెపూల ఖుష్బూ ఒక్కటే.

అందుకే 1846లో ఏర్పడిన నాంపల్లి తోట పేరు నాకు ఎప్పుడూ ప్రత్యేకంగా అనిపిస్తుంది. బాగ్-ఎ-ఆమ్. దీవాన్-ఎ-ఖాస్, దీవాన్-ఎ-ఆమ్ అన్నప్పుడు వచ్చే ఆమ్ అదే. ఖాస్ కానిది, అందరిదీ అని. తర్వాత అది పబ్లిక్ గార్డెన్స్ అయింది. కానీ మన ఇళ్లల్లో పాతవాళ్లు ఇప్పటికీ 'బాగాం' అనే అంటారు. తర్జుమా చేస్తే పబ్లిక్ గార్డెన్స్ అన్నా అదే మానీ. కానీ నాకు పాత పేరే దగ్గరగా ఉంటుంది.

ఆ తోట అంచున ఇవాళ అసెంబ్లీగా చూస్తున్న తెల్లటి ఇమారత్ కథ మన పిల్లల్లో చాలామందికి తెలియదు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ నలభయ్యో సాల్‌గిరా సందర్భంగా, 1905లో, జనం చందా వేసుకుని టౌన్‌హాల్ కట్టించాలని మొదలుపెట్టారు. అది 1913లో పూర్తయింది. పాపం, మహబూబ్ పాషా అప్పటికి లేడు. 1911లోనే ఇంతెకాల్ అయ్యాడు. బాద్‌షా ఇనామ్ ఇవ్వడం, రయ్యత్ తీసుకోవడం తారీఖ్‌లో మామూలు. ఇక్కడ రయ్యత్ కూడా జేబులోంచి తీసింది.

ఆ తోటలోనే మ్యూజియం వచ్చింది, షాహీ మస్జిద్ ఉంది, ఏడో నిజాం సిల్వర్ జూబ్లీ జరిగిన జూబ్లీ హాల్ ఉంది. నెహ్రూ జూ పార్కు 1963లో తెరిచేదాకా జూ కూడా అక్కడే. మా అబ్బా చిన్నప్పుడు పులిని చూసింది బాగాంలోనే. ఇవన్నీ ప్రభుత్వం చేసిన పనులు. నాకు వీటికంటే ముఖ్యమైనది 1938లో జరిగింది.

ఉస్మానియా యూనివర్సిటీ 1918లో ఉర్దూ మీడియంతో మొదలైంది. అందులో చదివి బయటికొచ్చిన మొదటి తరం నౌజవాన్లు ఒక అంజుమన్‌గా ఏర్పడ్డారు. రియాసత్‌లో ఎక్కడ ఏం తయారవుతోంది, చేనేతవాళ్ల హాలత్ ఏమిటి, కారీగర్లు ఎట్లా బతుకుతున్నారు అని ఒక ఆర్థిక సర్వే చేయాలనుకున్నారు. ఇరాదా పెద్దది, చేతిలో పైసా లేదు. అప్పుడు వాళ్లకు తట్టిన తర్కీబ్ ఏమిటంటే ఒక నుమాయిష్ పెట్టడం. దేశంలో తయారైన వస్తువులు ఒక చోట చేర్చి జనానికి చూపించడం, వచ్చిన పైసలు సర్వేకు వాడడం. పేరు 'నుమాయిష్ మస్నూఆత్-ఎ-ముల్కీ'. జగా బాగ్-ఎ-ఆమ్. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ దాన్ని ప్రారంభించాడు. అసలు పెట్టుబడి రెండున్నర రూపాయలని ఇప్పటికీ చెప్పుకుంటారు. స్టాళ్లు కొద్దిపాటివే.

తోటలో నుమాయిష్ పెట్టాలంటే ఏమేం పనులుంటాయో కొంచెం సోచాయించండి. గుంజలు పాతాలి, కనాతులు కట్టాలి, దీపాలు పెట్టాలి, చెట్లు పాడవకుండా చూసుకోవాలి, రాత్రి కాపలా కాయాలి, తెల్లారి చెత్త ఎత్తాలి. జీతం తీసుకునే నౌకర్లు చేసేవి కొన్నే. మిగిలినవి బే-గరజ్‌గా చేసేవాళ్లు చేయాల్సినవే. ఆ ఆదత్ ఆ సంస్థకు ఇప్పటికీ ఉంది. ఎగ్జిబిషన్ సొసైటీ సభ్యులు అలాగే ఖిద్మత్‌గా పని చేస్తారు.

జనం పెరిగారు, తోట చాలలేదు. 1946లో నుమాయిష్ మొజంజాహీ మార్కెట్‌కు దగ్గర్లో ఇప్పుడున్న మైదానానికి మారింది. తర్వాత రెండేళ్లు అస్సలు జరగలేదు. ఆ రెండేళ్లు హైదరాబాద్ ఏ హాలాత్‌లో ఉందో మన ఖాందానులకు వేరే చెప్పనక్కర్లేదు. ఎవరింట్లో ఎవరు సరిహద్దు దాటారో, ఎవరు మిగిలారో అందరికీ లెక్కలున్నాయి. 1949లో మళ్లీ మొదలైనప్పుడు పేరు ఆల్ ఇండియా ఇండస్ట్రియల్ ఎగ్జిబిషన్. మన జనం మాత్రం నుమాయిష్ అనడం మానలేదు. కొందరు దోస్తులు ఈ పేరు మార్పును ఒక సద్మాగా చెబుతారు. నేను ఒప్పుకోను. అంతటి కల్లోలం తర్వాత కూడా దుకాణాలు మళ్లీ తెరుచుకోవడమే నాకు అసలు వాఖియా. ఆ టికెట్ పైసలతో నడిచే విద్యాసంస్థలు ఇప్పుడు డజనుకు పైనే. ఎగ్జిబిషన్ గ్రౌండ్స్ లోపలే ఉన్న సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయ, కమలా నెహ్రూ పాలిటెక్నిక్‌లలో మన బస్తీల ఆడపిల్లలు ఎందరు చదివారో మీ ఇంట్లోనే అడగండి.

మా నానీమాకు నుమాయిష్ అంటే లేడీస్ డే. ఆ ఒక్క రోజు లోపలికి ఔరతులకే ప్రవేశం. పర్దా కట్టిన రిక్షాలో వెళ్లి, లోపల బుర్ఖా నఖాబ్ ఎత్తేసి, ఆకాశం కింద బేఫికర్‌గా తిరిగిన రోజు అది. గాజులు ఏం కొన్నదో మరిచిపోయింది, గాలి మాత్రం గుర్తుంది ఆమెకు. "ఉస్ దిన్ ఖులీ హవా మిలీ బేటా" అనేది. ఏడాదికి ఒక రోజు!

ఇక ఇంకో తోట. అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా దవాఖానా ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. ఆ జగాను అఫ్జల్ పార్క్ అనేవారు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగింది. హిజ్రీ 1326, రంజాన్ మొదలైన రోజులు. దాదాపు పదిహేను వేలమంది పోయారని అంచనా. రుబాయీల షాయర్ అంజద్ హైదరాబాదీ తల్లినీ, భార్యనీ, బిడ్డనీ ఆ నీళ్లలోనే పోగొట్టుకుని ఒక్కడే మిగిలాడు. ఆ రోజు నూట యాభైమంది దాకా ఆ చింతచెట్టు కొమ్మలు పట్టుకుని బతికారు. అందులో ఎవరు ఏ మజ్‌హబ్ వాళ్లో చెట్టు అడగలేదు. ప్రతి ఏడాదీ సెప్టెంబరు 28న షహర్ మేలు కోరేవాళ్లు కొందరు ఆ చెట్టు కింద చేరి మరణించినవాళ్లను యాద్ చేసుకుంటారు. పెద్ద సభ ఏమీ కాదు. నేను రెండుసార్లు వెళ్లాను. రెండుసార్లూ వచ్చినవాళ్లకంటే దవాఖానా రోగుల బంధువులే ఎక్కువ, అదే నీడలో టిఫిన్ డబ్బాలు విప్పుకుని. నాకు అది బేఅదబీగా అనిపించలేదు. చెట్టు తన పని తాను చేస్తోంది.

ఆ వరద తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చాడు, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు వచ్చింది. ఇరుకు గల్లీలలో గాలి కావాలి, ఖాళీ జగా కావాలి అన్న మాట మన షహర్‌లో సర్కారీ కాగితాల మీదికి ఎక్కింది అప్పుడే.

ఇంత తారీఖ్ ఎందుకు తవ్వుతున్నానంటే, మా ముహల్లాలో ఒక పార్కు ఉంది. అర ఎకరం కూడా ఉండదు. పదేళ్ల కింద అక్కడ ఇళ్లు కూలగొట్టిన మలబా, ఖుర్బానీ తర్వాత పడేసిన తోళ్లు, కుక్కలు. రిటైరైన ఒక టీచర్ సాబ్ రోజూ ఫజర్ తర్వాత ఒక్కడే పార పట్టుకుని వచ్చేవాడు. మూడు నెలలు ఒక్కడే. తర్వాత నమాజ్ నుంచి తిరిగొచ్చే నౌజవాన్లకు షరమ్ అనిపించి చెయ్యేశారు. వెనక గల్లీలోని యాదవుల ఇళ్ల నుంచి ఎరువు వచ్చింది. వెల్డింగ్ షాపు భాయ్ గేటు చేసిచ్చాడు. వేప, కానుగ, రెండు నేరేడు మొక్కలు పెట్టాం. నేరేళ్లు ఇప్పుడు కాస్తున్నాయి. వేసవిలో పిల్లలకు ఉర్దూ రాత నేర్పుతారు, తెలుగు కూడా. రంజాన్‌లో ఒక ఆదివారం అందరికీ ఇఫ్తార్, బతుకమ్మ రోజుల్లో ఆడవాళ్లకు మైదానం. అన్నిటికంటే నాకు నచ్చింది, పొద్దున ఆరు నుంచి ఏడున్నర దాకా ఔరతులకు కేటాయించిన వక్త్. షుగర్ ఉన్న బాజీలు, మోకాళ్ల నొప్పుల ఖాలాలు ఆ గంటన్నర నడుస్తారు. మా నానీమాకు ఏడాదికి ఒకసారి దొరికిన ఖులీ హవా వీళ్లకు రోజూ దొరుకుతోంది.

ఇప్పుడు అక్కడ ఫంక్షన్ హాల్ కట్టాలని కొందరు పెద్దలు బయల్దేరారు. గరీబు ఆడపిల్లల షాదీలకు సస్తాలో దొరుకుతుందని వాళ్ల దలీల్. నియ్యత్ మీద నాకు షక్ లేదు. షాదీ ఖర్చులు ఇళ్లు కూలుస్తున్నది నిజమే. కానీ హాలుకు తాళం ఉంటుంది, తాళానికి కమిటీ ఉంటుంది, కమిటీకి ఒక సదర్ సాబ్ ఉంటాడు, చివరికి బుకింగు కోసం ఆయన ఇంటి ముందు నిలబడాలి. మన షహర్‌లో దర్బాన్ లేని తోటలు ముందే తక్కువ. షాదీ ఖర్చు తగ్గించాలంటే మస్జిద్‌లో నిఖా, ఇంట్లో సాదా దావత్ అన్న దారి ఎప్పటినుంచో ఉంది. దానికి నేరేడు చెట్లు కొట్టే జరూరత్ లేదు.

వచ్చే జుమా అస్ర్ తర్వాత ఆ పార్కులోనే బైఠక్ పెట్టారు. ఔరతులను కూడా పిలవాలని టీచర్ సాబ్ పట్టుబట్టి ఒప్పించాడు. పొద్దున నడిచే బాజీలు అప్పుడే ఒక కాగితం రాసి దస్తఖత్‌లు తీసుకుంటున్నారు. నిన్నటికి అరవై రెండు అయ్యాయి. అందులో పదకొండు వెనక గల్లీవి.