లోపమున్న తలుపులు, కిటికీలు: ఇంటి యజమానికి చట్టంలో ఉన్న దారులు

కిటికీ సందుల్లోంచి వాన నీరు గదిలోకి దిగడం, ద్వారబంధం వంకరపోవడం, స్లైడింగ్ రెక్క ట్రాకులో ఇరుక్కుపోవడం, తలుపు చట్రానికి చెద పట్టడం వంటి లోపాలు బయటపడితే భారతదేశంలో ఇంటి యజమాని ప్రధానంగా మూడు చట్టాలను ఆశ్రయించవచ్చు. అవి 2016 నాటి స్థిరాస్తి (నియంత్రణ, అభివృద్ధి) చట్టం అనే రెరా, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం, 1930 నాటి వస్తు విక్రయ చట్టం. ఫ్లాటు కొన్నవారికి వీటిలో అత్యంత బలమైనది రెరా. అయితే బిల్డరుకు ఐదేళ్ళ బాధ్యత ఉండేది స్లాబుకూ పిల్లర్లకూ మాత్రమేనని, తలుపులూ కిటికీలూ 'మెయింటెనెన్స్' కిందికి వస్తాయని చాలామంది నమ్ముతారు. చట్టం పాఠం చూస్తే ఆ నమ్మకానికి ఆధారం లేదు.

రెరా 14వ సెక్షన్ మూడో ఉపసెక్షన్ నిర్మాణ లోపంతో ఆగదు. పనితనంలో, నాణ్యతలో, సేవల్లో ఉన్న మరే లోపమైనా, అమ్మకపు ఒప్పందం కింద బిల్డరు నెరవేర్చాల్సిన మరే బాధ్యతైనా అందులోకి వస్తుంది. ఇల్లు స్వాధీనం చేసిన నాటి నుంచి ఐదేళ్ళలోపు లోపాన్ని బిల్డరు దృష్టికి తెస్తే, అతను 30 రోజుల్లో అదనపు రుసుము లేకుండా సరిచేయాలి. చేయకపోతే పరిహారం ఇవ్వాలి. అదే సెక్షన్‌లోని రెండో ఉపసెక్షన్‌ను కూడా గమనించాలి. ఫ్లాటులో పెడతామని చెప్పిన ఫిట్టింగుల స్వభావాన్ని కొన్నవారి అనుమతి లేకుండా మార్చకూడదని అది చెబుతుంది. ఒప్పందంలో సింహద్వారం టేకు అని రాసి మరో కర్ర పెడితే, ఆ తలుపు ఇంకా చెడిపోకపోయినా అది ఉల్లంఘనే.

దీనికి బిల్డర్లు చెప్పే మొదటి అభ్యంతరం, కిటికీ వాడకంలో అరిగిపోయిందని. దీన్ని కొట్టిపారేయలేం, ఎందుకంటే కొన్నిసార్లు అది నిజం. కట్టేటప్పుడు పుట్టిన లోపమా, వాడకంలో వచ్చిన అరుగుదలా అన్నదే కేసుకు ప్రాణం. అల్యూమినియం, యూపీవీసీ స్లైడింగ్ కిటికీల కింది ట్రాకులో కొంత నీరు చేరడం సహజం. దాన్ని బయటికి వదలడానికి చట్రం బయటి ముఖాన చిన్న రంధ్రాలు ఉంటాయి. అవి దుమ్ముతో పూడితే శుభ్రం చేసుకోవాల్సింది యజమానే. అసలు రంధ్రాలే పెట్టకపోయినా, ప్లాస్టరింగ్‌లో సిమెంటుతో కప్పేసినా, చట్రానికీ గోడకూ మధ్య సందులో సీలెంట్ పట్టించకపోయినా, కిటికీ కింది గట్టు వాలు గది వైపు ఉన్నా అది పనితనంలో లోపమే. వీలైన చోట ఒకరు బయటి నుంచి పైపుతో నీళ్ళు పడుతూ, కింది అంచు నుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి వెళ్ళాలి. ఇంకొకరు లోపలి నుంచి వీడియో తీస్తే నీరు ఏ అతుకు దగ్గర దిగుతోందో తెలుస్తుంది. కర్ర తలుపుల సంగతి వేరు. వానాకాలంలో రెక్క కాస్త ఉబ్బి చట్రానికి రాసుకోవడం కలప గుణం. సరిగా ఆరని కలపతో చేసిన ద్వారబంధం మొదటి ఎండాకాలానికే కీళ్ళ దగ్గర విచ్చుకుంటే మాత్రం తప్పు కలపది కాదు, దాన్ని ఎంచి బిగించినవారిది. కలపలో తేమ ఎంత ఉండవచ్చో ఐఎస్ 287 ప్రమాణం, కర్ర చట్రాలు ఎలా ఉండాలో ఐఎస్ 4021, ఫ్లష్ తలుపుల నాణ్యతను ఐఎస్ 2202 నిర్దేశిస్తాయి. ఇంజనీరు నివేదిక ఈ ప్రమాణాలను పేర్కొంటే వాదనకు బలం వస్తుంది. గృహప్రవేశం కాగానే ఏసీ పైపు కోసం చట్రానికి రంధ్రం చేయించి, మెష్ కోసం ట్రాకు మార్పించి, ఆ తర్వాత ఫిర్యాదు చేస్తే బిల్డరుకు సాకు దొరుకుతుంది. ఫొటోలు అంతకు ముందే తీసి ఉంచాలి.

రెండో అభ్యంతరం, తాళాలు తీసుకునేటప్పుడు 'అన్నీ సంతృప్తికరంగా ఉన్నాయి' అని సంతకం చేశారు కదా అని. ఇల్లు స్వాధీనం చేసుకుని, రిజిస్ట్రేషన్ చేయించుకున్నంత మాత్రాన కొన్నవారి పరిహారపు హక్కు పోదని డీఎల్ఎఫ్ సదరన్ హోమ్స్ కేసులో 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. అది ప్రధానంగా ఆలస్యం గురించిన కేసే అయినా, ఆ తర్కం ఇక్కడా వర్తిస్తుంది. ఎండాకాలంలో తాళాలు తీసుకున్న మనిషికి వాన కారుతుందని ఆనాడే తెలిసే వీలు లేదు. మూడో అభ్యంతరం, కిటికీ కంపెనీ వారంటీ ఏడాదేనని, వాళ్ళనే అడగమని. కంపెనీ వారంటీ ఆ వస్తువుకు సంబంధించినది, 14వ సెక్షన్ బాధ్యత బిల్డరు మీద చట్టం పెట్టినది. మొదటిది ముగిసిందని రెండోది ముగియదు. కంపెనీ నుంచి ఆ ఖర్చు రాబట్టుకోవడం బిల్డరు చూసుకోవాల్సిన వ్యవహారం.

రెరాకూ హద్దులున్నాయి. స్థలం 500 చదరపు మీటర్లు, అంటే దాదాపు 600 గజాలు మించకపోయినా, ఫ్లాట్లు ఎనిమిది మించకపోయినా ప్రాజెక్టును నమోదు చేయనక్కర్లేదు. తెలంగాణలో 2017 జనవరి 1కి ముందు అనుమతి పొందినవి రాష్ట్ర నిబంధనల పరిధిలోకి రావు. సొంత స్థలంలో కాంట్రాక్టరుతో కట్టించుకున్న ఇంటికి రెరాతో సంబంధమే లేదు. ఇలాంటివారికి వినియోగదారుల కమిషనే దారి. గృహ నిర్మాణం 'సేవ' అన్నది 1993లో లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసు నాటి నుంచి స్థిరపడిన న్యాయం. రెరా ఉన్నా ఈ దారి మూసుకుపోదని 2020 నవంబరులో ఇంపీరియా స్ట్రక్చర్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే ఇక్కడ గడువు రెండేళ్ళే. పైగా ఏ కమిషన్‌కు వెళ్ళాలన్నది నష్టాన్ని బట్టి కాదు, చెల్లించిన ధరను బట్టి తేలుతుంది: 50 లక్షల వరకు జిల్లా కమిషన్, అక్కడి నుంచి 2 కోట్ల వరకు రాష్ట్ర కమిషన్. 80 లక్షల ఫ్లాటు బిల్డరు మీద లక్ష రూపాయల కిటికీ కేసు కూడా రాష్ట్ర కమిషన్‌లోనే వేయాలి. అదే కిటికీలను దుకాణంలో 3 లక్షలకు విడిగా కొని ఉంటే, యజమాని నివసించే జిల్లాలోనే రుసుము లేకుండా ఫిర్యాదు చేయవచ్చు. దానికి జీఎస్టీ బిల్లు కావాలి. పన్ను మిగుల్చుకోవడానికి బిల్లు వద్దనుకునేవారు ఈ హక్కుకు తామే గండి కొట్టుకుంటున్నారు. 2019 వినియోగదారుల చట్టంలోని 'ఉత్పత్తి బాధ్యత' అధ్యాయం మీద ఆశ పెట్టుకోవద్దు. అద్దం ఊడిపడి మనిషికి దెబ్బ తగిలితే అది పనికొస్తుంది, పాడైన కిటికీ విలువ మాత్రం అందులోకి రాదు. దానికి లోపమున్న వస్తువు అనే మామూలు ఫిర్యాదే వేయాలి.

కిటికీ కోసం కేసేమిటి, ఖర్చు దండగ కదా అనే మాట తరచూ వినిపిస్తుంది. ఒక్క ఫ్లాటు లెక్కన చూస్తే అందులో నిజం ఉంది. కానీ ఒకే ఫ్యాబ్రికేటరు బిగించిన కిటికీలు ఒక బ్లాకంతా ఒకేలా కారుతుంటాయి. రెరా 31వ సెక్షన్ కింద ఫ్లాట్ల యజమానుల సంఘం కూడా ఫిర్యాదు చేయవచ్చు. ఖర్చు పంచుకుంటే ఒక్కొక్కరి మీద పడే భారం స్వల్పం. చాలా సందర్భాల్లో అంతవరకూ వెళ్ళే అవసరం రాదు. 14వ సెక్షన్‌ను పేర్కొంటూ స్పీడ్ పోస్టులో వెళ్ళిన నోటీసుకు వచ్చే స్పందన, అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో పెట్టిన ఫొటోకు రాదు. సైట్ ఇంజనీరుకు ఫోనులో చెప్పినదానికి రుజువు ఉండదు.

హైదరాబాదులో ఫ్లాటు కొని తాళం వేసి అమెరికాలోనో, గల్ఫ్‌లోనో ఉంటున్నవారు ఒక్క సంగతి మరిచిపోకూడదు. ఐదేళ్ళ లెక్క కాపురం పెట్టిన రోజు నుంచి కాదు, ఇల్లు స్వాధీనం చేసిన రోజు నుంచే నడుస్తుంది. ఈ వానాకాలంలోనే ఎవరితోనైనా తలుపులు తీయించి చూపించండి.