బంతి లేనివాళ్ళ సంగతి

సెప్టెంబరు వచ్చిందంటే మా సోమవారం సాయంత్రం కాల్ లో మొదటి పది నిమిషాలు పని జరగదు. మా క్లయింటు మేనేజరుది టెక్సాస్. శనివారం వాళ్ళ కాలేజీ ఫుట్‌బాల్ టీం ఎలా ఆడిందో చెప్పి, గెలిస్తే మురిసిపోయి, ఓడితే శాపనార్థాలు పెట్టి, అప్పుడు గానీ బగ్గుల లిస్టు తెరవరాయన. (వాళ్ళ ఫుట్‌బాల్ లో కాలికి పెద్ద పని ఉండదు. ఒకడు చేత్తో విసురుతాడు, ఇంకోడు పరిగెత్తి చేత్తో పట్టుకుంటాడు.) ఒక సోమవారం ఆయన కోపమంతా రిసీవర్స్ కోచ్ మీదకి మళ్ళింది. బంతి విసిరే కుర్రాడిది తప్పు కాదట. అందుకునేవాళ్ళకి ఎటు పరిగెత్తాలో, ఎప్పుడు తిరగాలో సరిగ్గా నేర్పనివాడిదే తప్పట.

నేను మ్యూట్ లో ఉండి నోరెళ్ళబెట్టాను. బంతి అందుకోవడం నేర్పడానికి విడిగా ఒక కోచ్! జీతం ఇచ్చి మరీ! మా కాలేజీ టీంకి అసలు కోచే లేడు. పీఈటీ గారు ఉండేవారు, ఆయన దగ్గర విజిల్ ఉండేది.

మాది గోదావరి జిల్లాల్లో ఒక ఇంజినీరింగ్ కాలేజీ. పేరెందుకు లెండి. (జిల్లా పేరు కూడా చెప్పలేను. 2022 లో ముక్కలు చేశాక నేను ఏ జిల్లావాడినో ఓసారి ఆలోచించుకుని చెప్పాల్సి వస్తోంది.) 2017 లో కాకినాడలో ఒక అంతర కళాశాలల టోర్నమెంటుకి వెళ్ళి 5-0 తో ఓడిపోయి వచ్చాం. మా మిడ్‌ఫీల్డ్ లో పాలకొల్లు కుర్రాడు ఒకడుండేవాడు. వాడు వేసిన పాసులు ఎవరికీ అందలేదు. మనుషులు లేని చోటికి వేసేవాడు. వచ్చేటప్పుడు బస్సులో అందరం వాడినే తిట్టాం. కెప్టెన్ని నేనే కాబట్టి తర్వాతి మ్యాచ్ కి వాడిని తీసేసింది కూడా నేనే. వాడు మళ్ళీ గ్రౌండుకి రాలేదు.

అప్పట్లో నా లెక్క చాలా సింపుల్. పాసు అందకపోతే తప్పు వేసినవాడిది. అవతల పోర్టు తెరిచి ఎవరూ వినకపోయినా, ప్యాకెట్టు పంపినవాడినే తిట్టడం లాంటిదన్నమాట. ఇప్పుడు ఆ పని ఎవడైనా చేస్తే రివ్యూలో నేనే ఉతికేస్తాను.

క్లయింటు గారి గోల విన్న రాత్రి అనుకోకుండా రహీం సాబ్ గురించి చదవడం మొదలుపెట్టాను. 2024 లో వచ్చిన 'మైదాన్' సినిమా చూసినవాళ్ళకి పేరు తెలిసే ఉంటుంది. సయ్యద్ అబ్దుల్ రహీం, 1909 లో హైదరాబాదులో పుట్టారు, ఉస్మానియాలో చదివారు, వృత్తి బడిపంతులు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి, 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ టీంకి కోచ్. సినిమాలో అంతా ఆవేశం, కన్నీళ్ళు. అది వాళ్ళ వ్యాపారం, తప్పు పట్టను. కానీ ఆయన అసలు ఏం నేర్పారు అన్నది సినిమా చూస్తే తెలియదు. నాకు కావలసింది అదే.

ఫలితాలు ముందు చెప్పేస్తాను. సిటీ పోలీస్ 1950 లో డ్యూరాండ్ కప్ ఫైనల్లో మోహన్ బగాన్ ని ఓడించింది. రోవర్స్ కప్ 1950 నుంచి 1954 దాకా వరసగా 5 సార్లు గెలిచింది. కలకత్తా వాళ్ళు ఫుట్‌బాల్ అంటే తమ సొంత ఆస్తి అనుకునే రోజుల్లో, ఒక పోలీసు టీం! జాతీయ జట్టుతో 1951 లో ఢిల్లీలో, 1962 లో జకార్తాలో ఏషియన్ గేమ్స్ బంగారు పతకాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ లో 4వ స్థానం. మెల్‌బోర్న్ సంగతి ఉన్నదున్నట్టు చెప్పాలంటే, మొదటి రౌండులో ఆడాల్సిన హంగరీ తప్పుకుంది కాబట్టి మనం ఆడకుండానే క్వార్టర్స్ కి వెళ్ళాం. కానీ అక్కడ ఆస్ట్రేలియాని 4-2 తో కొట్టడం మాత్రం ఎవరి దయాదాక్షిణ్యమూ కాదు. నెవిల్ డిసౌజా 3 గోల్స్ వేశాడు.

నాకు అంతకంటే ముఖ్యమనిపించింది సెమీఫైనల్. 1952 హెల్సింకీలో మనల్ని 10-1 తో చితకబాదిన యుగోస్లావియాతోనే మళ్ళీ మ్యాచ్. అప్పుడు మనవాళ్ళలో చాలామంది బూట్లు లేకుండా ఆడారు, కోచ్ అప్పుడూ రహీం గారే. నాలుగేళ్ళ తర్వాత అదే యుగోస్లావియా మీద మొదటి గోల్ మనది! చివరికి 4-1 తో ఓడిపోయాం, అది వేరే విషయం. 10-1 నుంచి 4-1 కి రావడానికి మధ్యలో ఏం జరిగింది అన్నది అసలు ప్రశ్న.

బూట్లు వేసుకోవడం జరిగింది. పాతకాలపు 2-3-5 అమరిక పోవడం జరిగింది. బ్రెజిల్ 1958 లో 4-2-4 తో ప్రపంచ కప్ గెలవక ముందే రహీం దాన్ని వాడారని ఫుట్‌బాల్ చరిత్ర రాసినవాళ్ళు గర్వంగా రాస్తారు. దీని మీద నాకు అంత మోజు లేదు. 1953 లో హంగరీ వెంబ్లీకి వెళ్ళి ఇంగ్లాండుని 6-3 తో ఓడించినప్పటి నుంచీ, సెంటర్ ఫార్వర్డ్ ని వెనక్కి లాగి ఆడించే ఆలోచన ప్రపంచమంతా తిరుగుతోంది. అందరూ అటే నడుస్తున్నారు, మనాయన కూడా నడిచాడు, ముందు వరసలోనే నడిచాడు. అంతవరకే.

నన్ను ఆపేసింది ఇంకోటి. ఆయన హైదరాబాదులో కుర్రాళ్ళకి చిత్రమైన టోర్నమెంట్లు పెట్టేవారు. ఒకటి బలహీనమైన కాలితో మాత్రమే ఆడాల్సినది. రెండోది డ్రిబ్లింగ్ చెయ్యకుండా ఆడాల్సినది, అంటే బంతి కాలికి తగలగానే ఇంకొకడికి ఇచ్చెయ్యాలి.

ఈ రెండోది పాసింగ్ నేర్పడానికి అని రాస్తారు అందరూ. నేను కూడా అలాగే అనుకుని ముందుకి వెళ్ళిపోయి, మళ్ళీ వెనక్కి వచ్చాను. కాస్త ఆలోచించండి. డ్రిబ్లింగ్ లేకపోతే బంతి ఉన్నవాడు ఏం చెయ్యగలడు? ఏమీ చెయ్యలేడు. వాడి ఖర్మంతా మిగతా పదిమంది చేతుల్లో, సారీ, కాళ్ళలో ఉంటుంది. వాళ్ళు బంతి రాకముందే ఖాళీలోకి వెళ్తే ఆట నడుస్తుంది, నిలబడి చూస్తే ఆగిపోతుంది. కాబట్టి ఆ నియమం పాసు వేసేవాడి కోసం పెట్టింది కాదని నా ఉద్దేశం. బంతి లేనివాడిని కదిలించడం కోసం. ఎక్కడికి పరిగెత్తాలో చెబుతూ అరవకుండా, పరిగెత్తకపోతే ఆటే సాగని పరిస్థితి తెచ్చిపెట్టారు. టెక్సాస్ లో జీతం ఇచ్చి పెట్టుకునే రిసీవర్స్ కోచ్ పనిని ఈ బడిపంతులు ఒక్క నియమంతో చేసేశాడు. పైసా ఖర్చు లేదు!

బలహీనమైన కాలు సంగతి కూడా అంతే. ఎడమ కాలితో బంతి ఆపలేనివాడు, బంతి ఎడమవైపు వచ్చినప్పుడల్లా ఒళ్ళంతా తిప్పుకోవాలి. ఆ ఒక్క క్షణం చాలు, ఎదుటివాడు వచ్చి మీద పడిపోతాడు.

అమెరికా వాళ్ళకీ ఇలాంటి మనిషి ఒకాయన ఉన్నాడని మా క్లయింటే చెప్పారు. మైక్ లీచ్. లా చదివాడు, కాలేజీ స్థాయిలో ఫుట్‌బాల్ ఆడనే లేదు. 1989 లో హాల్ మమ్మీ దగ్గర చేరి, ఇద్దరూ కలిసి 'ఎయిర్ రైడ్' అనే పాసింగ్ పద్ధతి తయారుచేశారు. తర్వాత 2000 నుంచి 2009 దాకా టెక్సాస్ టెక్ యూనివర్సిటీకి లీచ్ కోచ్. మిగతావాళ్ళు వందల కొద్దీ ఎత్తులు బట్టీ పట్టిస్తుంటే ఈయన కొన్నే పెట్టుకుని, అవే మళ్ళీ మళ్ళీ, కళ్ళు మూసుకున్నా చేసేంతగా చేయించేవాడట. 2008 నవంబరు 1 న, మొదటి ర్యాంకులో ఉన్న టెక్సాస్ యూనివర్సిటీ మీద ఒక్క సెకను మిగిలుండగా క్రాబ్‌ట్రీ అనే రిసీవర్ బంతి పట్టి స్కోరు చేసి 39-33 తో గెలిపించాడు. ఆ వీడియో చూడండి. బంతి అతని ముందుకి రాదు, వెనక భుజం వైపు వస్తుంది. అతను దానికోసం ముందే తిరుగుతూ ఉంటాడు. ఎవరు గొప్ప, విసిరినవాడా పట్టినవాడా? నాకైతే వాళ్ళిద్దరికీ కలిపి ఒకే బుర్ర ఉన్నట్టు అనిపించింది. లీచ్ 2022 డిసెంబరులో పోయాడు.

మళ్ళీ మన దగ్గరికి వద్దాం. 1962 జకార్తా. మొదటి మ్యాచ్ లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0 తో ఓటమి. థాయిలాండ్ మీద గెలిచాం కానీ డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. సెమీఫైనల్ కి రహీం అతన్ని పక్కన కూర్చోబెట్టలేదు, సెంటర్ ఫార్వర్డ్ గా పంపారు! నెత్తిన కట్టుతో ఉన్న మనిషిని! పిచ్చి పనిలా ఉంటుంది గానీ, పొడుగ్గా బలంగా ఉన్న మనిషి ముందు నిలబడితే ఇద్దరు డిఫెండర్లు అతన్ని కాసుకోవాలి, చునీ గోస్వామికీ పీకే బెనర్జీకీ బలరాంకీ ఖాళీ దొరుకుతుంది. జర్నైల్ సెమీస్ లో గోల్ వేశాడు. సెప్టెంబరు 4 న ఫైనల్లో మళ్ళీ అదే కొరియా, లక్ష మంది జనం మనకి వ్యతిరేకంగా అరుస్తుంటే పీకే ఒకటి, జర్నైల్ ఒకటి వేసి 2-1 తో గెలిచారు.

అన్నట్టు, తులసీదాస్ బలరాం మన సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు. పేదవాళ్ళు. ప్రాక్టీసుకి సిటీలోకి రావడానికి సైకిల్ అద్దెకి రహీం గారే డబ్బులిచ్చేవారు. ఈ ఒక్క ముక్క సినిమా మొత్తం కంటే ఎక్కువ చెప్పింది నాకు. బలరాం 2023 ఫిబ్రవరిలో పోయారు. తెలుగు పేపర్లలో ఏ మూల వేశారో మరి.

రహీం జకార్తా వెళ్ళేసరికే జబ్బుతో ఉన్నారు. 1963 జూన్ 11 న ఊపిరితిత్తుల క్యాన్సర్ తో పోయారు. 1965-66 లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది, ఆయన చేతి కింద పెరిగిన ఊరు కాబట్టి ఆ మాత్రం మిగిలింది. ఆ తర్వాత ఆ ట్రోఫీ మన వైపు రాలేదు. 1960 తర్వాత మన దేశం ఒలింపిక్స్ ఫుట్‌బాల్ కి అర్హత సాధించలేదు, 1962 తర్వాత ఏషియన్ గేమ్స్ బంగారం లేదు. మంచి ఆటగాళ్ళు అంతకు ముందే కలకత్తా క్లబ్బులకి వెళ్ళిపోయారు, అక్కడ డబ్బుంది. ఆయన పద్ధతి మనుషుల్లో ఉండిపోయింది, వ్యవస్థలోకి ఎక్కలేదు. సీనియర్ రిజైన్ చేశాక కేటీ లేని ప్రాజెక్టు ఎలా ఉంటుందో మనకి తెలియంది కాదు కదా.

మరి ఇదంతా మా గోదారి వైపుకి ఎందుకు రాలేదు? నా లెక్క ఒకటుంది, ఒప్పుకోకపోతే తిట్టండి. మన దేశంలో ఫుట్‌బాల్ సైన్యం వెంట వచ్చింది. సికింద్రాబాదులో కంటోన్మెంటు ఉంది, మైదానాలున్నాయి. 1852 లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట కట్టాక డెల్టాలో చదునైన నేల కనిపిస్తే అది వరిచేనే. ఫుట్‌బాల్ కి కావలసినంత జాగా ఎవరు వదులుతారండీ? వాలీబాల్ కైతే రెండు కొబ్బరిచెట్ల మధ్య చోటు చాలు. 1895 లో అమెరికాలో హోలియోక్ అనే ఊళ్ళో వైఎంసీఏ వాళ్ళు కనిపెట్టిన ఆట అది. 1920 లో హెచ్.సి. బక్ గారు మద్రాసులో పెట్టిన వైఎంసీఏ వ్యాయామ కళాశాలలో చదువుకున్న డ్రిల్లు మాస్టర్లు మద్రాసు ప్రెసిడెన్సీ స్కూళ్ళలోకి వచ్చారు, వాళ్ళతో పాటు ఈ ఆటలూ వచ్చాయి. ఇప్పటికీ మా వైపు సాయంత్రమైతే ఏదో ఒక సందులో నెట్టు కనిపిస్తుంది.

మా కాలేజీ ఫుట్‌బాల్ టీంలో పదకొండు మందిలో ఏడుగురు ఊళ్ళలో వాలీబాల్ ఆడి వచ్చినవాళ్ళే! వాలీబాల్ లో బూస్టర్ బంతి లేపాక స్మాషర్ పరుగు మొదలెడితే పని జరగదు. బంతి బూస్టర్ చేతిలో ఉండగానే పరుగు మొదలవ్వాలి. చిన్నప్పటి నుంచీ చేత్తో చేస్తున్న పనే. కాలి దగ్గరికి వచ్చేసరికి మర్చిపోయాం, గుర్తుచేసేవాళ్ళు లేరు. పాలకొల్లు కుర్రాడు వాలీబాల్ లో వాళ్ళ ఊరి టీంకి బూస్టర్. వాడు ఫుట్‌బాల్ లో కూడా బూస్ట్ చేస్తున్నాడన్నమాట. లేచేవాళ్ళం మేము, లేవలేదు.

ఇదంతా తట్టాక వాడికి ఫోన్ చేశాను. భీమవరంలో రొయ్యల మేత వ్యాపారం చేస్తున్నాడు. చాలాసేపు రొయ్యల రేట్లే మాట్లాడాడు. ఆ మ్యాచ్ సంగతి ఎత్తి, తప్పు నాదిరా అన్నాను. వాడు నవ్వేసి, "అది కాదు బావా, వాళ్ళ లెఫ్ట్ బ్యాక్ మోకాలికి పట్టీ కట్టుకుని ఆడాడు కదా, తిరగలేకపోతున్నాడు, అందుకే అన్నీ వాడి వెనక్కే వేశాను. నువ్వు అటే ఉన్నావు, వెళ్తావనుకున్నాను" అన్నాడు.

నాకు ఆ పట్టీ గుర్తే లేదు.