తిట్ల పేరు పెట్టుకున్న లైబ్రరీ

హెచ్‌టాప్ తెరిచినప్పుడల్లా ఆ రంగుల గీతలు చూసి ముచ్చటపడతాం గానీ, వాటి వెనకున్న కర్సెస్ లైబ్రరీ సంగతి ఎవరికీ పట్టదు. పేరు చూసి భయపడకండి, తిట్లేం కాదు.. కర్సర్ మీద ఎవరో చేసిన చమత్కారం.

కథ బర్కిలీలో మొదలవుతుంది. 1970ల చివర్లో బిల్ జాయ్ వీఐ ఎడిటర్ రాసేటప్పుడు ఇంటి నుంచి 300 బాడ్ మోడెమ్ మీద పనిచేసేవాడు. లెక్కేయండి. సెకనుకి 30 అక్షరాలు. టెర్మినల్ తెర 80 నిలువు వరసలు, 24 అడ్డ వరసలు, అంటే 1920 గళ్ళు. తెరంతా ఒకసారి నింపాలంటే 64 సెకన్లు! ఒక్క అక్షరం దిద్దినందుకు నిమిషం పైన కూర్చుంటామా? అందుకే కర్సర్‌ని వీలైనంత తక్కువ ఖర్చుతో జరిపే కోడ్ రాసుకున్నాడు. ఏ టెర్మినల్‌కి ఏ సంకేతం పంపాలో చెప్పే టెర్మ్‌క్యాప్ చిట్టా కూడా ఆయనదే.

1980 ప్రాంతంలో కెన్ ఆర్నాల్డ్ ఆ కోడ్‌ని వీఐలోంచి విడదీసి అందరికీ పనికొచ్చే లైబ్రరీగా మార్చాడు. రోగ్ అనే గుహల ఆట దీంతోనే ఊరూరా పాకింది (మన వృత్తిలో చాలా మంచి పనులు ఆటల పుణ్యమే!). అసలు కిటుకేంటంటే, మెమరీలో రెండు తెరలుంటాయి. ఒకటి ఇప్పుడు కనిపిస్తున్నది, ఇంకోటి మనం కావాలనుకుంటున్నది. రిఫ్రెష్ అనగానే రెండింటినీ పోల్చి తేడా ఉన్న గళ్ళే పంపుతుంది. 2013లో రియాక్ట్ వచ్చి వర్చువల్ డామ్ అంటే మనమంతా ఆహా అన్నాం.. ఆ ఉపాయం అప్పటికే ముప్ఫై ఏళ్ళ పాతది.

తర్వాత 1982లో పావెల్ కర్టిస్ రాసిన పీకర్సెస్ మీద కట్టి, 1993లో జేయ్ద్ బెన్‌హలీమ్ ఎన్‌కర్సెస్ విడుదల చేశాడు. లినక్సులో మనం వాడేది దాని సంతానమే.

అయితే మన చిక్కంతా ఆ గడిలోనే ఉంది. అక్షరానికో గడి అన్నది ఇంగ్లీషు వాళ్ళ లెక్క. ఒకసారి నేను పేర్ల పట్టికని తెలుగులో చూపించబోయాను, వైడ్ క్యారెక్టర్ వెర్షన్‌తోనే. 'స్త్రీ' మనకి ఒకటే అక్షరం, యూనికోడ్‌కి ఆరు సంకేతాలు. లైబ్రరీ ఏమో స, త, ర లకి తలా ఒక గడి, పొల్లులకీ దీర్ఘానికీ సున్నా వేసి మూడు గళ్ళంది. ఫాంటు దాన్ని ఒక్క ముద్దగా గీసింది. ఇంకేముంది, పట్టిక కుడి గీత ఒక్కో వరసలో ఒక్కో చోట! రెండు రాత్రులు కుస్తీ పట్టి, చివరికి పేర్లన్నీ ఇంగ్లీషు లిపిలోకి మార్చి ఇచ్చేశాను.