చొక్కా విప్పి చూడండి

రాత్రి పదకొండు దాటింది. పిల్లల వార్డులో డ్యూటీ డాక్టర్ మీరే. నాలుగు నెలల బాబును తల్లి మీ చేతికిస్తుంది. అరచేతికి ఎముకలే తగులుతున్నాయి. ఒళ్లు కాలిపోతోంది. పొట్ట నొక్కితే కాలేయం నాలుగు వేళ్లు కిందికి దిగి ఉంది. నోట్లో తెల్లపూత, తుడిచినా పోదు.

"మూడు ఆసుపత్రులు తిరిగాం డాక్టరుగారూ."

కేసు షీటులో సెప్సిస్ అని ఉంది. యాంటీబయాటిక్ మార్చి వెళ్లిపోవచ్చు. వెళ్లకండి. చొక్కా విప్పండి.

ఎడమ భుజాన, పుట్టగానే వేసిన బీసీజీ టీకా. ఈపాటికి మానాల్సిన పుండు ఇంకా కారుతోంది. చంకలో నిమ్మకాయంత గడ్డ. అదొక్కటే అయితే భయం లేదు, ఆరోగ్యమైన పిల్లల్లోనూ కనిపిస్తుంది. కానీ మెడలో, కుడి గజ్జలో కూడా ఉన్నాయి.

ఆ టీకాలో ఉన్నది బతికున్న సూక్ష్మజీవి. పశువుల క్షయ బ్యాక్టీరియాను కాల్మెట్, గెరిన్ 1908 నుంచి పదమూడేళ్లు పెంచి పెంచి బలహీనపరిచారు. కోట్లమంది పసివాళ్లకు అది రక్ష. అయితే దాన్ని భుజం దాటనివ్వకుండా ఆపాల్సింది బిడ్డ రక్తకణాలే. అవి లేకపోతే?

పాత రిపోర్టు తియ్యండి. తెల్లకణాలు 6,000. అందరూ నార్మల్ అనుకున్నారు. కింది వరుసలో లింఫోసైట్లు 10 శాతం. లెక్కకట్టండి. 600! ఈ వయసులో 3,000కి తగ్గితేనే ఉలిక్కిపడాలి. ఎక్స్‌రేలో గుండె పైన థైమస్ నీడ ఉండాలి. లేదు.

"మేనరికమా అమ్మా?"

"సొంత మేనమామే."

"ముందు పిల్లలు?"

"పాప. అయిదో నెలలో పోయింది. ఇట్లాగే జ్వరం."

తప్పు నీది కాదని ఆమెకు ఇప్పుడే చెప్పండి. తర్వాత చెప్పొచ్చనుకుంటే ఎవరూ చెప్పరు.

వెనక నర్సు రక్తం బ్యాగు తగిలిస్తోంది. రేడియేషన్ ఇచ్చిన రక్తమేనా? కాదు. ఆపండి. దాత కణాలు బిడ్డ మీదే తిరగబడతాయి. పోలియో చుక్కలు? వద్దు. రోటా చుక్కలు? వద్దు. అవీ బతికున్నవే.

గడ్డలో సూది. స్లైడు. నీలం మీద ఎర్రటి కడ్డీలు, గుట్టలుగా. జీన్‌ఎక్స్‌పర్ట్ 'టీబీ' అంటుంది. ఆ యంత్రానికి టీకా క్రిమికీ టీబీ క్రిమికీ తేడా తెలియదు. ఆర్‌డీ1 అనే జన్యుభాగం టీకా క్రిమిలో ఉండదు. ల్యాబుకు ఆ పరీక్ష రాయండి. మామూలు టీబీ మందుల్లోని పైరజినమైడ్ దీనిమీద పనిచేయదు. మిగతావి మొదలుపెట్టండి. కల్చర్ కోసం వారాలు ఆగకండి.

హెచ్‌ఐవీ పీసీఆర్‌కు రక్తం. టీ కణాలు లెక్కించే ఫ్లో సైటోమెట్రీకి రక్తం. మజ్జ సరిపోతుందేమో చూడడానికి తల్లిదండ్రులిద్దరి రక్తం. ఇక మజ్జ మార్పిడి కేంద్రానికి ఫోన్ కలపండి.