వెండితెర మీద బాల్య గాయం: జ్ఞాపకమా, సాక్ష్యమా?

మానసిక చికిత్సను సినిమా ఎలా చూపుతుందో రాయబోయే ప్రతివారూ ముందుగా గబ్బార్డ్ సోదరులకు ఒక నమస్కారం పెడతారు. గ్లెన్ సైకియాట్రిస్టు, క్రిన్ సినీ పరిశోధకుడు. ఇద్దరూ కలిసి 1987లో తెచ్చిన 'సైకియాట్రీ అండ్ ది సినిమా' ఈ రంగానికి ఆకర గ్రంథమే, కాదనను. హాలీవుడ్ చికిత్సకు కథార్సిస్ అంటే మహా ఇష్టమని వారు పట్టుకున్నారు: మరుగునపడ్డ జ్ఞాపకం ఒక్కసారిగా బయటపడుతుంది, రోగి భోరుమంటాడు, బాగుపడతాడు. ఆ మాట అందుకుని తర్వాతివాళ్లు ఏడుపున్న ప్రతి కౌన్సెలింగ్ సన్నివేశానికీ అదే ముద్ర కొట్టేశారు. పేచీ అక్కడే.

'గుడ్ విల్ హంటింగ్' (1997) తీసుకుందాం. గస్ వాన్ శాంట్ తీసిన ఈ చిత్రంలో విల్ కోర్టు షరతు మీద థెరపీకి వస్తాడు. మొదటి రోజే థెరపిస్టు షాన్ అతని గొంతు పట్టుకుంటాడు (బయటైతే లైసెన్సు పోయే పని). ఆ తర్వాత ఒక సెషనంతా ఇద్దరూ పెదవి విప్పరు. అందరూ ఉదహరించే సెషన్లో షాన్ చేతిలో ఒక ఫైలుంటుంది, అందులో దెబ్బల ఫొటోలు. నీకూ ఇలాంటి అనుభవం ఉందా అని విల్ అడుగుతాడు. తాగుబోతు తండ్రి గురించి, ఆయన ఉంగరాలు పెట్టుకున్న రాత్రుల గురించి షాన్ చెబుతాడు. అప్పుడు విల్ తన సంగతి చెబుతాడు. పెంపుడు తండ్రి పానా, కర్ర, బెల్టు బల్ల మీద పెట్టి ఏది కావాలో ఎంచుకోమనేవాడు. నేనైతే బెల్టు అంటాను అంటాడు షాన్. విల్ మాత్రం ఎప్పుడూ పానాయే. వాడికి లొంగేది లేదన్న మొండితనం అది.

ఇందులో మరుగునపడ్డ జ్ఞాపకం ఎక్కడుంది? విల్ ఏదీ మరచిపోలేదు. కోర్టుకు తెలుసు, ఫైలుకు తెలుసు, ఫొటోలకు తెలుసు. తప్పు నీది కాదని షాన్ పదే పదే అంటుంటే మొదట తెలుసులే అని కొట్టిపారేస్తాడు, ఆపై తోసేస్తాడు, చివరికి కూలిపోతాడు. అంతకాలం అతనికి లేనిది ఒక్కటే: ఆ సంగతి విని, నమ్మి, తన వైపు నిలబడే పెద్దమనిషి, అంటే ఒక సాక్షి. జుడిత్ కోహెన్, ఆంథొనీ మనరీనో, ఎస్తర్ డెబ్లింగర్ రూపొందించిన ట్రామా చికిత్సలో, సాధారణంగా 12 నుంచి 16 సెషన్ల క్రమంలో, పిల్లవాడు తన కథను మెల్లమెల్లగా కూర్చుకుని చివరికి సంరక్షకుడి ఎదుట చెబుతాడు. విల్‌కు సంరక్షకుడు లేడు, ఆ ఖాళీలో షాన్ కూర్చున్నాడు. రాబిన్ విలియమ్స్‌కు ఆస్కార్ తెచ్చింది కన్నీళ్లు తెప్పించే నేర్పు కాదు, వినే నేర్పు.

నిజంగానే మరుగునపడ్డ జ్ఞాపకం మీద నడిచే 'స్పెల్‌బౌండ్' (1945) మాత్రం గబ్బార్డ్‌ల పక్షమే. 'మార్నీ' (1964) కూడా అంతే అనవచ్చు గానీ, అక్కడ జ్ఞాపకాన్ని బయటికి లాగింది థెరపిస్టు కాదు, భర్త.

మన దగ్గరికి వస్తే సాక్ష్యం సంగతి ఇంకా స్పష్టం. సుకుమార్ '1: నేనొక్కడినే' (2014)లో తన తల్లిదండ్రుల్ని చంపేశారంటాడు గౌతమ్. అదంతా నీ ఊహే అంటుంది వైద్యం. చివరికి నిజమని తేలుతుంది. అంటే ఇక్కడ డాక్టరు విన్నా నమ్మని సాక్షి. ఆ లోటును హీరో తన పిడికిళ్లతో పూడ్చుకోవాల్సి వచ్చింది. తెలుగు ప్రేక్షకుడు కోరుకునేది చికిత్స కాదు, రుజువు. మన సినిమాలో థెరపిస్టు పాత్ర ఎదగకపోవడానికి మూలం ఇదే. సెన్సారూ కాదు, బడ్జెటూ కాదు.

ఈ విషయం మీద పనిచేయబోయే పరిశోధక విద్యార్థులకు ఒక మనవి. ఫ్లాష్‌బ్యాక్ ఎంత నిడివో కొలవడం ఇక ఆపండి. ఆ కథ వింటున్నవాడి ముఖం మీద కెమెరా ఎంతసేపు నిలిచిందో లెక్క తీయండి.