వారసత్వపు ఇంటి మదింపు, విక్రయం

తల్లి గాని తండ్రి గాని మరణించిన తరువాత వారి పేరున ఉన్న ఇంటికి విలువ కట్టి, వారసుల హక్కును స్థిరపరచి, అమ్మే ప్రక్రియను '''వారసత్వపు ఇంటి విక్రయం''' అంటారు. భారతదేశంలో ఇందుకు ముఖ్యాధారాలు భారత వారసత్వ చట్టం (1925), హిందూ వారసత్వ చట్టం (1956), రిజిస్ట్రేషను చట్టం (1908), ఆదాయపు పన్ను చట్టాలు. ఈ వ్యవహారంలో ఇంటికి ఒకే విలువ ఉండదు. వారసుల పంపకానికి ఒక విలువ, రిజిస్ట్రేషనుకు ఒక విలువ, పన్నుకు మరొక విలువ లెక్కలోకి వస్తాయి. వీటిని ఒకటిగా భావించడం వలన కుటుంబాలలో వివాదాలు తలెత్తుతుంటాయి.

హక్కుదారులు

వీలునామా ఉంటే ఇల్లు అందులో పేర్కొన్న వారికి చెందుతుంది. వీలునామాకు కనీసం ఇద్దరు సాక్షుల ధృవీకరణ అవసరం. దానిని రిజిస్టరు చేయడం తప్పనిసరి కాదు. వీలునామా లేకుండా హిందూ పురుషుడు మరణిస్తే అతని స్వార్జితపు ఇంటిలో భార్యకు, తల్లికి, ప్రతి కుమారునికి, ప్రతి కుమార్తెకు సమాన భాగాలు లభిస్తాయి. కుమార్తె వివాహిత అయినా ఆమె భాగం తగ్గదు. పిత్రార్జితంలో కుమార్తెల హక్కును ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1986లో, పార్లమెంటు 2005లో సవరణల ద్వారా గుర్తించాయి. ముస్లిములకు వారి వ్యక్తిగత చట్టం వర్తిస్తుంది.

తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధృవీకరణ పత్రం వారసులెవరో తెలుపుతుంది గాని హక్కును ఇవ్వదు. పురపాలక సంఘం ఆస్తిపన్ను పుస్తకంలో ఒక కుమారుని పేరు నమోదైనంత మాత్రాన ఇల్లు అతని ఒక్కనిది కాదు. కోర్టు ఇచ్చే వారసత్వ సర్టిఫికెట్టు (సక్సెషన్ సర్టిఫికెట్) బ్యాంకు నిల్వలు, రుణాలు, షేర్ల వంటి వాటికే గాని ఇంటికి వర్తించదు.

ప్రొబేటు

వీలునామా నిజమైనదని న్యాయస్థానం ధృవీకరించి ఇచ్చే పత్రమే ప్రొబేటు. దీనిని వీలునామాలో నియమించిన కార్యనిర్వాహకునికి (ఎగ్జిక్యూటరు) మాత్రమే ఇస్తారు. వీలునామా లేనప్పుడు ఆస్తి నిర్వహణాధికార పత్రం (లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్) కోరవచ్చు. కలకత్తా, మద్రాసు, బొంబాయి నగరాలకు సంబంధించిన హిందువుల వీలునామాలకు ప్రొబేటు తప్పనిసరి అనే నియమం చాలాకాలం ఉండేది. ఆంధ్ర జిల్లాలకు, హైదరాబాదుకు అది వర్తించలేదు. ఈ నియమానికి మూలమైన 213వ సెక్షనును పార్లమెంటు 2025 డిసెంబరులో తొలగించింది. అయితే వీలునామాపై వివాదం ఉన్నచోట ప్రొబేటు కోరే వీలు ఇప్పటికీ ఉంది.

ప్రొబేటు పొందిన కార్యనిర్వాహకుడు, వీలునామాలో నిషేధం లేకుంటే, ఇంటిని అమ్మవచ్చు. న్యాయస్థానం నియమించిన నిర్వాహకుడు మాత్రం ముందస్తు అనుమతి లేకుండా స్థిరాస్తిని అమ్మరాదు. అట్లు అమ్మితే ఆస్తిలో ఆసక్తి ఉన్నవారు ఆ విక్రయాన్ని రద్దు చేయించవచ్చు. ఉత్తర్వు వచ్చిన ఆరు నెలలలో ఆస్తుల జాబితాను విలువలతో సహా, సంవత్సరంలో జమాఖర్చుల లెక్కను న్యాయస్థానానికి సమర్పించాలి.

విలువ కట్టే విధానం

* '''బజారు విలువ:''' ఇష్టపడి అమ్మేవారు, ఇష్టపడి కొనేవారు ఒప్పుకొనే ధర. స్థలం విలువకు, వయసును బట్టి తరుగుదల తీసివేసిన కట్టడం విలువను కలిపి రిజిస్టర్డు వాల్యుయరు దీనిని నిర్ణయిస్తాడు. ఇరుగుపొరుగున జరిగిన అమ్మకాలతో సరిపోల్చుతాడు.
* '''ప్రభుత్వ విలువ:''' స్టాంపు సుంకం కొరకు రిజిస్ట్రేషను శాఖ ప్రాంతాల వారీగా నిర్ణయించేది. ఇది బజారు ధరకు తక్కువగానో ఎక్కువగానో ఉండవచ్చు.
* '''పన్ను విలువ:''' మూలధన లాభం లెక్కించడానికి తీసుకొనే కొనుగోలు వ్యయం.

వారసులలో ఒకరు ఇల్లు ఉంచుకొని మిగిలినవారికి సొమ్ము ఇవ్వదలచినప్పుడు బజారు విలువను ఆధారం చేసుకోవడం న్యాయం. ప్రభుత్వ విలువ తక్కువగా ఉన్నచోట దాని ప్రకారం పంచితే, ఇల్లు వదులుకొనేవారు, తరచుగా అక్కచెల్లెళ్ళు, నష్టపోతారు. వీలునామా లేకుండా వచ్చిన ఆస్తిలో ఒక వారసుడు తన భాగాన్ని అమ్మదలిస్తే తోటి వారసులకు కొనుగోలులో ప్రాధాన్యం ఉంది (హిందూ వారసత్వ చట్టం, 22వ సెక్షను). ధర కుదరకపోతే న్యాయస్థానం నిర్ణయిస్తుంది. ఇంటిని భాగాలుగా విడదీయడం అనుకూలం కానప్పుడు దానిని అమ్మి సొమ్ము పంచడానికి విభజన చట్టం (1893) వీలు కల్పించింది.

విక్రయం

ఒక వారసుడు తన భాగాన్ని మాత్రమే అమ్మగలడు. మొత్తం ఇల్లు అమ్మాలంటే వారసులందరూ విక్రయ పత్రంపై సంతకం చేయాలి, లేదా ముందుగా హక్కు విడుదల పత్రాన్ని రిజిస్టరు చేయించాలి. తెల్లకాగితంపై రాసుకొన్న హక్కు విడుదల చెల్లదు. వారసులలో మైనరు ఉంటే, ఆ భాగాన్ని విడిగా పొందిన సందర్భంలో, సంరక్షకుడు న్యాయస్థానం అనుమతి తీసుకోవాలి. మరణ ధృవీకరణ పత్రం, మూల దస్తావేజులు, ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, ఆస్తిపన్ను రసీదులు సిద్ధం చేసుకొన్న పిమ్మట బయానా పుచ్చుకోవడం మంచిది.

ఆదాయపు పన్ను

1953 నాటి ఎస్టేటు సుంకం 1985లో రద్దయింది. నాటి నుండి వారసత్వంగా ఇల్లు పొందినందుకు పన్ను లేదు. అమ్మినప్పుడు వచ్చే లాభంపై పన్ను ఉంది. మరణించిన నాటి విలువ ఈ లెక్కలోకి రాదు. తల్లిదండ్రులు పెట్టిన వ్యయమే ఆధారం. వారు 2001 ఏప్రిల్ 1కి ముందే ఇంటిని పొంది ఉంటే ఆ తేదీ నాటి విలువను తీసుకోవచ్చు గాని, అది ఆనాటి ప్రభుత్వ విలువను మించరాదు.

ఉదాహరణకు, తండ్రి 1990లో కట్టిన ఇంటి విలువ 2001లో 10 లక్షల రూపాయలు, ఆయన మరణించిన 2019లో 80 లక్షలు అనుకొందాం. 2025-26లో కోటి రూపాయలకు అమ్మితే లాభం 20 లక్షలు కాదు, 90 లక్షలు. 2024 జూలై 23 నుండి అమలైన 12.5 శాతం రేటు ప్రకారం పన్ను 11.25 లక్షలు. ద్రవ్యోల్బణ సూచికతో (376) వ్యయాన్ని 37.6 లక్షలకు పెంచి 20 శాతం రేటు చొప్పున లెక్కిస్తే 12.48 లక్షలు. దేశంలో నివసించే వారసులు వీటిలో తక్కువైన దానిని చెల్లించవచ్చు. సెస్సు, సర్‌చార్జి అదనం. ప్రతి వారసుడు తన భాగానికే పన్ను చెల్లిస్తాడు. నిర్ణీత గడువులో మరొక ఇల్లు కొన్నా కట్టినా మినహాయింపు ఉంటుంది.

విదేశాలలోని వారసులు

విదేశాలలో స్థిరపడిన వారసులు సాధారణంగా అధికార పత్రం (పవర్ ఆఫ్ అటార్నీ) పంపుతారు. అది భారతదేశానికి చేరిన మూడు నెలలలో స్టాంపు వేయించాలి. ప్రవాసుల భాగంపై కొనుగోలుదారు పన్ను మినహాయించి ప్రభుత్వానికి జమచేయాలి. దేశవాసుల విషయంలో 50 లక్షలు, ఆపై విలువ గల విక్రయాలకు వర్తించే 1 శాతం రేటు వీరికి వర్తించదు. ప్రవాస భారతీయులు ఇట్టి సొమ్మును పన్ను చెల్లించిన పిమ్మట ఆర్థిక సంవత్సరానికి 10 లక్షల అమెరికా డాలర్ల వరకు విదేశానికి తరలించుకోవచ్చు.